మొరాయించే బ్రేకు లీవరు: పొగకు పరీక్ష ఉంది, బ్రేకుకు లేదు

న్యూఢిల్లీ: ద్విచక్ర వాహనాల బ్రేకు లీవరు లోపం చిన్న విషయమేమీ కాదని 2024 ఫిబ్రవరిలో దేశమంతటా వెల్లడైంది. ఇండియా యమహా మోటార్ సంస్థ ఆ నెలలో సుమారు 3 లక్షల స్కూటర్లను స్వచ్ఛందంగా వెనక్కి పిలిపించింది. 2022 జనవరి 1 నుంచి 2024 జనవరి 4 వరకు తయారైన రే జడ్ఆర్ 125, ఫాసినో 125 హైబ్రిడ్ స్కూటర్లలో కొన్నింటికి బ్రేకు లీవరు పనితీరులో సమస్య ఉన్నట్లు సంస్థ ప్రకటించింది. సంబంధిత భాగాన్ని ఉచితంగా మార్చి ఇస్తామని తెలియజేసింది. చేతి నాలుగు వేళ్ల కింద ఒదిగిపోయే ఒక చిన్న లోహపు మీట పనితీరు లక్షల వాహనాలను తిరిగి సర్వీసు కేంద్రాల ముంగిట నిలబెట్టగలదని దీనితో రుజువైంది.

అయితే ఆ ప్రకటన పరిధిలోకి రాని వాహనాలు దేశంలో కోట్ల సంఖ్యలో ఉన్నాయి. 2024-25 ఆర్థిక సంవత్సరంలోనే దేశీయంగా దాదాపు 1 కోటి 96 లక్షల ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి. మరో 42 లక్షల వరకు విదేశాలకు ఎగుమతి అయ్యాయి. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక రోడ్లపై తిరిగే మోటారు సైకిళ్లలోనూ భారతీయ సంస్థల బండ్లకు పెద్ద వాటా ఉంది. ఇవన్నీ వానలో తడిసి, ఎండలో మాడి, దుమ్ములో తిరిగేవే. ఏళ్లు గడిచేకొద్దీ వీటిలో తలెత్తే సర్వసాధారణమైన లోపాల్లో ఒకటి బ్రేకు లీవరు మందగించడం. నొక్కితే బరువుగా కదలడం, వదిలితే నెమ్మదిగా వెనక్కి రావడం, ఒక్కొక్కసారి అసలు రాకపోవడం దీని లక్షణాలు.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో జరిగిన రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 44.5 శాతం మంది, అంటే దాదాపు 75 వేల మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. అతివేగం, శిరస్త్రాణం లేకపోవడం వంటివి ఇందుకు ప్రధాన కారణాలు కాగా, వాహనం స్థితి గురించిన చర్చ మాత్రం అంతగా జరగడం లేదు.

వదలని బ్రేకే పట్టని బ్రేకు

లీవరు నెమ్మదిగా తిరిగి వస్తే నష్టమేమిటని, బ్రేకు పడుతోంది గదా అని చాలామంది సరిపెట్టుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. లీవరు పూర్తిగా వెనక్కి రానప్పుడు బ్రేకు షూ లేదా ప్యాడు చక్రాన్ని సన్నగా రాపాడుతూనే ఉంటుంది. రాపిడి వల్ల వేడి పుడుతుంది. బండి లాగదు, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది, ప్యాడ్లు త్వరగా అరిగిపోతాయి. డిస్కు బ్రేకు ఉన్న వాహనంలో ఈ వేడి క్రమంగా లోపలి ద్రవానికి చేరుతుంది. ఆ ద్రవంలో తేమ చేరి ఉంటే అది మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవం నొక్కుకుపోదు గాని, ఆవిరి నొక్కుకుపోతుంది. ఫలితంగా లీవరు మెత్తబడి హ్యాండిల్‌ను తాకేంత వరకు వచ్చినా బ్రేకు పట్టదు. నిన్నటివరకు వదలకుండా పట్టిన బ్రేకు నేడు అవసరానికి అందకుండా పోతుంది.

నొక్కడానికి బరువుగా ఉండే లీవరుతో వచ్చే చిక్కు మరొక రకం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. బిగుసుకున్న లీవరును లాగడంలో అర సెకను ఆలస్యమైతే బండి 8 మీటర్లకు పైగా అదే వేగంతో దూసుకుపోతుంది. ముందున్న బస్సుకూ మోటారు సైకిలుకూ మధ్య ఉండే దూరం మన నగరాల్లో తరచు అంతకంటే తక్కువే.

ఇదిగాక మరో ముప్పు కూడా ఉంది. లీవరు పూర్తిగా వెనక్కి రాకపోతే వెనుక దీపాన్ని వెలిగించే స్విచ్చి ఆగిపోదు. వెనుక వచ్చే వాహనాల వారికి ఎర్ర దీపం ఎప్పుడూ వెలుగుతూనే కనిపిస్తుంది. నిజంగా బ్రేకు వేసినప్పుడు ఆ తేడా వారికి తెలియదు.

రోగం ఎక్కడుంది?

లీవరు మందగించిందనగానే వైరు మార్చడమో, నూనె చుక్కలు వేయడమో రివాజుగా మారింది. లోపం ఒకచోట, చికిత్స మరొకచోట అయితే డబ్బు దండగ. చేతి వేళ్ల నుంచి చక్రం వరకు ఒక్కొక్క భాగాన్నీ వరుసగా విడదీసి చూడడమే లోపాన్ని కనిపెట్టే సరైన పద్ధతి.

మొదట పరిశీలించవలసింది లీవరును. అది ఒక చిన్న బోల్టు ఆధారంగా తిరుగుతుంది. దుమ్ము, పాత గ్రీజు గట్టిపడి అక్కడ పేరుకుపోతాయి. బోల్టును అవసరానికి మించి బిగించినా లీవరు తిరగదు. బండి ఒకసారి కింద పడితే లీవరు కొద్దిగా వంగి తన గాడిని రాసుకోవచ్చు. తరువాత అమర్చుకున్న హ్యాండ్ గార్డు, మందపాటి గ్రిప్పు కూడా అడ్డుపడవచ్చు. బోల్టును విప్పి, శుభ్రం చేసి, కొద్దిగా గ్రీజు పూసి, తగినంతగా బిగిస్తే ఎన్నో సందర్భాల్లో సమస్య అక్కడితో తీరిపోతుంది.

డ్రమ్ బ్రేకు ఉన్న వాహనాల్లో తరువాతి అనుమానం బ్రేకు వైరుపైన. చక్రం వద్ద వైరు కొసను విప్పి, లోపలి తీగను చేత్తో ముందుకు వెనుకకు లాగి చూడాలి. తీగ బిగుసుగా కదిలితే లోపం వైరులో ఉన్నట్లు. తేలికగా జారితే వైరు నిర్దోషి, లోపం డ్రమ్ములో ఉన్నట్లు. ఈ ఒక్క పరీక్ష సగం గందరగోళాన్ని తొలగిస్తుంది. పైతొడుగు చిట్లిన చోట వాన నీరు దిగి తీగ తుప్పు పట్టడం, హెడ్‌లైటు వెనుక వైరు పదునుగా మడతపడడం సాధారణంగా కనిపించే కారణాలు. హ్యాండిల్‌ను పూర్తిగా ఒకవైపు తిప్పినప్పుడు మాత్రమే లీవరు బిగుస్తున్నదంటే వైరు దారి సరిగా లేదని అర్థం. కొస గుండు దగ్గర ఒక్క పోగు తెగి కనిపించినా నూనె వేసి సరిపెట్టుకోవడం తగదు. వైరును మార్చవలసిందే. పైగా లోపల నైలాను పొర ఉన్న వైర్లకు అన్ని రకాల నూనెలూ పనికిరావు. తయారీదారు సూచన చూసుకోవాలి.

డ్రమ్ములో షూలను విడదీసి నొక్కే క్యామ్ అనే ఇరుసు ఉంటుంది. దానిచుట్టూ గ్రీజు ఎండిపోతే షూలు విచ్చుకున్నాక తిరిగి ముడుచుకోవు. వాటిని వెనక్కి లాగే స్ప్రింగులు బలహీనపడినా ఇదే జరుగుతుంది. షూలు మరీ అరిగిపోతే క్యామ్ తన హద్దును దాటి తిరిగి అక్కడే చిక్కుకుపోయే ప్రమాదం ఉంది. చాలా వాహనాల్లో బ్రేకు చేతి వద్ద అరుగుదలను సూచించే బాణపు గుర్తు ఉంటుంది. దానిని చూసే అలవాటు మాత్రం అరుదు. క్యామ్‌కు వేడిని తట్టుకునే గ్రీజును పలచగా మాత్రమే రాయాలి. ఎక్కువైతే అది కరిగి షూలకు అంటి బ్రేకు పూర్తిగా జారిపోతుంది. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదడం ఆరోగ్యానికి హానికరం. పాతకాలపు షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున తడిగుడ్డతో తుడవడమే క్షేమం.

ఆయిల్ కాని ఆయిల్

డిస్కు బ్రేకు కథ వేరు. ఇక్కడ వైరు ఉండదు. లీవరు నొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ద్రవాన్ని నెడుతుంది. ఆ ఒత్తిడి గొట్టం ద్వారా చక్రం వద్దనున్న క్యాలిపర్‌కు చేరి ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. ఈ ద్రవాన్ని వాడుకలో బ్రేకు ఆయిల్ అంటారు. ఆ పేరే ఎన్నో అనర్థాలకు మూలమవుతున్నది. వాస్తవానికి డాట్ 3, డాట్ 4 అనే పేర్లతో దొరికే ఈ ద్రవం గ్లైకాల్ జాతికి చెందింది. ఖనిజ నూనెతో దీనికి ఏ సంబంధమూ లేదు. పేరును బట్టి ఇంజను ఆయిల్‌నో, మరో నూనెనో అందులో పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. ఉబ్బిన సీలు సిలిండర్ గోడలను పట్టుకుంటుంది. లీవరు నెమ్మదిగా వెనక్కి రావడం అలా మొదలవుతుంది. ఒకసారి నూనె కలిసిన తరువాత ద్రవాన్ని మార్చినంత మాత్రాన సరిపోదు. దాని స్పర్శ సోకిన రబ్బరు భాగాలన్నీ మార్చాలి. భాగాలను పెట్రోలుతోనో, కిరోసిన్‌తోనో కడిగినా రబ్బరుకు ఇదే గతి.

గ్లైకాల్ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 3 ద్రవం 205 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని మరగదు. తేమ చేరాక అది మరిగే స్థాయి 140 డిగ్రీలకు దిగిపోవచ్చు. డాట్ 4 విషయంలో ఈ అంకెలు వరుసగా 230, 155. ఇవి ప్రమాణాలు నిర్దేశించిన కనీస పరిమితులు. తేమ వల్ల సిలిండర్ లోపలి లోహం కూడా తుప్పు పడుతుంది. అందువల్లనే బండి ఎంత తిరిగిందన్న దానితో నిమిత్తం లేకుండా దాదాపు రెండేళ్లకు ఒకసారి ద్రవాన్ని మార్చవలసిందిగా అనేక వాహనాల మార్గదర్శకాలు సూచిస్తాయి. మూత తీసి ఎంతో కాలమైన సీసాలోని మిగులు ద్రవం వాడడం కూడా మంచిది కాదు.

డిస్కు బ్రేకు లోపాన్ని కనిపెట్టడానికీ ఒక క్రమం ఉంది. ముందు చక్రం నేలను తాకకుండా బండిని నిలబెట్టి, లీవరును నొక్కి వదిలి, చక్రాన్ని చేత్తో తిప్పాలి. స్వేచ్ఛగా తిరిగితే మంచిదే. బిగుసుకుంటే క్యాలిపర్‌పై గాలి తీసే చిన్న నిపుల్‌ను కొద్దిగా వదులు చేయాలి. ద్రవం చిమ్మి, చక్రం వెంటనే వదులైతే ఒత్తిడి పైభాగంలో చిక్కుకున్నదని తేలుతుంది. మాస్టర్ సిలిండర్‌లో ద్రవం తిరిగి తొట్టిలోకి వెళ్లే సన్నని రంధ్రం మూసుకుపోయి ఉండవచ్చు. లీవరుకు ఉండవలసిన వెసులుబాటు లేకపోయి ఉండవచ్చు. పాత గొట్టం లోపల ఉబ్బి ద్రవాన్ని ఒకవైపే పోనిస్తూ ఉండవచ్చు. నిపుల్ వదులు చేసినా చక్రం తిరగకపోతే లోపం క్యాలిపర్‌దే. దాని పిస్టన్ తుప్పు పట్టడమో, క్యాలిపర్ జరిగే పిన్నులు ఎండిపోవడమో కారణమై ఉంటుంది. ఈ పరీక్ష తరువాత గాలిని పూర్తిగా తీసి, ద్రవాన్ని నింపి, లీవరు గట్టిపడిందని నిర్ధారించుకున్నాకే బండిని కదపాలి. అనుభవం లేనివారు ఈ పనికి పూనుకోరాదు.

ఒకే మీటలో కనిపించే మూడు రకాల లోపాలను వేరు చేసి చూడడం అవసరం. నెమ్మదిగా వెనక్కి వచ్చే లీవరు బిగుసుకున్న పిస్టన్‌నో, సీలునో సూచిస్తుంది. స్పాంజిలా మెత్తగా ఉండే లీవరు గాలి చేరిందని చెబుతుంది. నొక్కి పట్టుకుంటే మెల్లమెల్లగా దిగిపోయే లీవరు మాస్టర్ సిలిండర్ లోపలే ద్రవం జారిపోతున్నదన్న హెచ్చరిక. బయట ఎక్కడా చుక్క కారకపోయినా ఈ చివరి లోపం ఉండవచ్చు. ఆ స్థితిలో వాహనాన్ని నడపడం ప్రమాదకరం.

ఉప్పు నేర్పిన పాఠం

తుప్పు ఎంత దూరం తీసుకుపోగలదో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఉదంతం చాటింది. శీతల దేశాల్లో మంచు కరిగించడానికి రోడ్లపై చల్లే లవణాల ప్రభావంతో కొన్ని మోటారు సైకిళ్ల క్యాలిపర్లలో తుప్పు ఏర్పడుతున్నట్లు ఆ సంస్థ 2020లో గుర్తించింది. బ్రిటన్, ఐరోపా, దక్షిణ కొరియాలలో విక్రయించిన ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీ, హిమాలయన్ నమూనాలకు చెందిన 15,200 వాహనాలను తనిఖీకి పిలిపించింది. మరుసటి సంవత్సరం డిసెంబరులో వెనుక బ్రేకుకు సంబంధించిన ఒక బ్రాకెట్ లోపం కారణంగా దేశీయంగా 26,300 క్లాసిక్ 350 వాహనాలను వెనక్కి పిలిపించింది. భారతదేశపు రోడ్లలో చాలావాటిపై మంచు కోసం ఉప్పు చల్లే అవసరం లేదు గాని, విశాఖపట్నం నుంచి ముంబయి వరకు సముద్రతీర పట్టణాల గాలిలో ఉప్పుకు కొదవలేదు. అక్కడి బండ్లకు తనిఖీలు మరింత తరచుగా జరగడం అవసరం.

బ్రేకుల పరిశ్రమ ఇటీవలి దశాబ్దాల్లో చాలా దూరం ప్రయాణించింది. 1983లో దేశీయంగా వచ్చిన రాజ్‌దూత్ 350కి ముందు చక్రానికి డ్రమ్ బ్రేకే ఉండేది. జపాన్‌లో దాని మాతృకకు మాత్రం డిస్కు బ్రేకు ఉండేది. నేడు సాధారణ మోటారు సైకిళ్లకూ డిస్కు బ్రేకులు వచ్చాయి. ఇటలీకి చెందిన బ్రెంబో సంస్థ చిన్న, మధ్యతరహా బండ్ల కోసం బైబ్రే పేరుతో బ్రేకులను భారత్‌లో తయారు చేస్తున్నది. 1985లో బెంగళూరులో ఆరంభమైన సుప్రజిత్ ఇంజనీరింగ్ వాహనాల కంట్రోల్ వైర్ల తయారీలో పేరెన్నిక గన్నది.

చట్టం చేసింది, చేయనిది

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీకి మించిన ద్విచక్ర వాహనాలన్నింటికీ చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ తప్పనిసరి అయింది. అంతకు తక్కువ సామర్థ్యం గల వాటికి ఏబీఎస్ గాని, రెండు బ్రేకులూ కలిసి పనిచేసే సీబీఎస్ గాని ఉండాలి. చిన్న బండ్లకూ ఏబీఎస్‌ను విస్తరించే ముసాయిదాను కేంద్రం 2025 జూన్‌లో వెలువరించింది. అయితే ఏబీఎస్ ఎంత గొప్పదైనా బిగుసుకున్న లీవరును వదులు చేయలేదు, మరిగిన ద్రవాన్ని చల్లబరచలేదు. సీబీఎస్ ఉన్న అనేక చిన్న బండ్లలో ఒకే లీవరు లేదా పెడలు రెండు చక్రాల వైర్లనూ లాగుతుంది. అక్కడ ఒక వైరు చిక్కుకుంటే దాని ప్రభావం రెండు బ్రేకులపైనా పడుతుంది.

తయారీ లోపం ఉన్న వాహనాలను వెనక్కి పిలిపించే విధానాన్ని మోటారు వాహన పరిశ్రమ 2012లో స్వచ్ఛంద నియమావళిగా చేపట్టింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి జరిగిన సవరణ 110ఎ సెక్షన్ ద్వారా దీనికి చట్టబద్ధత కల్పించింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఏడేళ్ల లోపు వాహనాలకు ఇది వర్తిస్తుంది. సంస్థ తనంతట తాను పిలిపించకుండా ప్రభుత్వమే ఆదేశించవలసి వస్తే కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. తమ బండి ఇటువంటి ప్రకటన పరిధిలో ఉన్నదో లేదో చాసిస్ సంఖ్య ఆధారంగా డీలరు వద్ద తెలుసుకోవడం వినియోగదారుల హక్కు.

కొత్త బండి తయారీ లోపానికి చట్టం ఉంది. పాతబడ్డ బండి అరుగుదలకు మాత్రం కాపలా లేదు. సొంత వాడకంలోని ద్విచక్ర వాహనానికి ఒకసారి రిజిస్ట్రేషన్ జరిగితే 15 సంవత్సరాల వరకు చెల్లుతుంది. లారీలు, బస్సులు, ఆటోల వలె మధ్యలో సామర్థ్య పరీక్షకు రానవసరం లేదు. ఈ కాలంలో దానికి క్రమం తప్పక జరగవలసింది కాలుష్య పరీక్ష ఒక్కటే. సైలెన్సరు నుంచి వచ్చే పొగను కొలుస్తారు. అదే బండి బ్రేకు పడుతున్నదా, పట్టి వదులుతున్నదా అని చూసేవారు లేరు. పొగ పరీక్షకు వచ్చిన బండి లీవరును ఒకసారి నొక్కి వదిలి, చక్రాన్ని ఒకసారి తిప్పి చూడడానికి రెండు నిమిషాలు చాలు. దానికి యంత్రాలు కూడా అక్కర్లేదు. ఆ పరీక్ష కేంద్రాలకు ఈ బాధ్యతను అప్పగించడం పరిశీలించదగిన విషయం.

భారం ఎవరిపై?

ఈ లోటు అందరికంటే ఎక్కువగా సోకేది బండే జీవనాధారమైన వారికి. నీతి ఆయోగ్ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో 77 లక్షల మంది గిగ్ కార్మికులున్నారు. ఇళ్లకు ఆహారం, సరుకులు చేరవేసేవారు, బైక్ ట్యాక్సీ నడిపేవారు వీరిలో ఒక ముఖ్యమైన వర్గం. బండిని ఒకరోజు షెడ్డులో ఉంచితే ఆ రోజు సంపాదన పోయినట్లే. అందుకే మందగించిన లీవరును వేళ్లతో వెనక్కి నెట్టుకుంటూ నెలల తరబడి నెట్టుకొచ్చేవారు కనిపిస్తారు. పాలు, కూరగాయలు తీసుకుని తెల్లవారుజామున పట్నం చేరే రైతులదీ ఇదే అవస్థ. నాలుగో చేతికి వచ్చిన పాత బండి కొన్నవారికి అందులో ఏ ద్రవం పోశారో, ఎప్పుడు మార్చారో తెలిసే అవకాశమే లేదు.

చేయవలసినవి మాత్రం పెద్దగా ఖర్చుతో కూడినవి కావు. ప్రతి ఉదయం బండి తీసే ముందు రెండు బ్రేకులనూ ఒకసారి నొక్కి వదలాలి. లీవరు టక్కున వెనక్కి వస్తున్నదా, వెనుక దీపం ఆరుతున్నదా చూడాలి. కొంతదూరం నడిపిన తరువాత బండిని ఆపి చక్రం మధ్యభాగానికి దగ్గరగా అరచేతిని ఉంచాలే గాని తాకరాదు. ఒక చక్రం నుంచి అసాధారణంగా వేడి తగిలితే బ్రేకు రాసుకుంటున్నదని అర్థం. వర్షాకాలానికి ముందొకసారి, తరువాతొకసారి లీవరు బోల్టు, వైరు, క్యామ్, క్యాలిపర్ పిన్నులను తనిఖీ చేయించాలి. ద్రవం రంగు ముదిరితే మార్చమని అడగాలి. మూత లేని సీసా నుంచి పోస్తుంటే వద్దనాలి.

ఏ సంస్థా వెనక్కి పిలవని కోట్ల పాత బండ్లకు బ్రేకు తనిఖీ ప్రస్తుతానికి యజమాని చేతిలోనే ఉంది. కొద్ది వందల రూపాయల వైరు, ఒక చిన్న సీసా ద్రవం, చిటికెడు గ్రీజు సకాలంలో పడితే లీవరు మళ్లీ తేలికగా కదులుతుంది. ఆ మాత్రం ఖర్చుకు వెనుకాడిన చోట మాత్రం మూల్యం ఆస్పత్రిలో చెల్లించవలసి రావచ్చు.